మొహం చూసి ధర

మొహం చూసి బొట్టు పెట్టేవాళ్ళని మీరు చూసే ఉంటారు. బర్మాలో సంచౌంగ్ పేటలో పప్పుల కొట్టు బుల్లియ్య మొహం చూసి ధర పెడతాడు. "మినపపప్పు వీశ ఎంత?" అని అడిగితే ఆయన పప్పు వంక చూడడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మీ వంక చూస్తాడు. జుట్టు దగ్గర మొదలుపెట్టి, మెడ మీదుగా, చేతిసంచీ మీదుగా దిగి, చెప్పుల దగ్గర కాసేపు ఆగుతాడు. అప్పుడు ఒక అంకె చెబుతాడు. మీ వెనకున్న మనిషికి ఇంకో అంకె చెబుతాడు. ఇదేం న్యాయమంటే "పప్పు రకం యేరు" అంటాడు. రెండూ ఒకే బస్తాలోంచి తీసినా అదే మాట.

ఈ అన్యాయం అందరికన్నా ఎక్కువ కాల్చింది సూర్యావతిని. ఆవిడ మింగళాడోన్‌లో విమానాల టిక్కెట్ల కౌంటరులో పనిచేస్తుంది. మడత నలగని యూనిఫారం, భుజాన తోలు సంచీ. పాపం, బుల్లియ్య కంటికి అంతకన్నా ఏం కావాలి? వీశ తొమ్మిది వేల చాట్లు; చాట్ అంటే అక్కడి రూపాయి. నెల మొదట్లో వెళ్ళినా తొమ్మిదే, నెలాఖరున వెళ్ళినా తొమ్మిదే.

"మావయ్యా, నిన్న ఎవరికో ఎనిమిదికిచ్చావట!" అని ఓసారి నిలదీసింది.

"ఆయమ్మకి ముగ్గురు పిల్లలమ్మీ."

"నాకూ ఇద్దరున్నారు."

"మరి ఒకరు తక్కువే కదేటి?"

సందులో వాళ్ళూ ఏం తక్కువ తినలేదు. చెత్తకుప్ప పక్కన ఎవరో పారేసిన చెప్పుల జత ఒకటి వాళ్ళకి దొరికింది. ఆకుపచ్చ పట్టీ తెగిపోతే పిన్నీసుతో బిగించి ఉంది. బుల్లియ్య కొట్టుకి వెళ్ళవలసిన ఆడవాళ్ళంతా వంతులేసుకుని దాన్ని తొడుక్కోవడం మొదలుపెట్టారు. సూర్యావతి తన వంతు రోజున వెలిసిపోయిన లుంగీ కట్టి, తలకి నూనె కారేలా రాసి, ఆ చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళింది.

బుల్లియ్య కిందికి చూసి నవ్వాడు. "ఈ సెప్పులు కొట్టుకి రాడం ఈ వారంలో నాలుగోసారి. ఈటికి పప్పంటే బలే ఇష్టంలాగుంది."

"నావే మావయ్యా!"

"అలాగేలే. సెంటు మాత్రం మర్సిపోకుండా పూసుకొచ్చావు. తొమ్మిది వేలు."

ఆ ఉక్రోషంతో సూర్యావతి ఫోనులో సరుకుల యాప్ ఒకటి పెట్టుకుంది. యంత్రానికి మొహాలు చూసే బుద్ధి ఉండదు కదా అనుకుంది. నెల తిరక్కుండానే ఆ ముచ్చటా తీరింది. పక్కింట్లో డా ఖిన్‌మే అని రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఉంది; 'డా' అంటే బర్మీస్‌లో 'అమ్మగారు'. ఆవిడ ఫోనులో అదే ప్యాకెట్టు పన్నెండు వందల చాట్లు తక్కువ! ఇద్దరూ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి మూడుసార్లు చూశారు. మూడుసార్లూ సూర్యావతికే వాత పడింది.

డా ఖిన్‌మేకి పత్రికలు చదివే అలవాటుంది. సూర్యావతి ఫోను ఖరీదు, ఆమె ఏ రోజు ఏం కొంటుంది, ధర పెంచినా కొంటుందా లేదా, అన్నీ ఆ యాప్ కనిపెట్టి ఆమెకని ఒక ధర తయారుచేస్తోందని వివరించింది. కొన్ని దూరదేశాల్లో ఇలాంటివాటికి ముకుతాడు వేస్తూ చట్టాలు తెస్తున్నారనీ, కొనేవాళ్ళ సొంత వివరాలు ఏరుకుని తిండి సరుకులకి మనిషికో ధర పెట్టకూడదంటున్నారనీ చెప్పింది.

"మనకీ చట్టం కావాలి!" అంది సూర్యావతి లేచి నిలబడి.

యాప్ వాడు ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. బుల్లియ్య మాత్రం నాలుగిళ్ళ అవతలే ఉంటాడు. కాబట్టి ఆదివారం పొద్దున పదిమంది ఆడవాళ్ళు చట్టం పట్టుకుని బుల్లియ్య కొట్టుకే వెళ్ళారు.

"మావయ్యా, నువ్వూ ఆ యాపువే! మా వివరాలన్నీ ఏరుకుని మనిషికో ధర చెబుతున్నావు."

"నానా? నాకు సార్జింగెక్కడెడతారమ్మా, సందులో కరెంటే నేదు," అన్నాడు బుల్లియ్య. తర్వాత గడ్డం గోక్కుని, "మరి మీ ఇమానంలో పక్కపక్క సీట్లకి రెండు దరలేటి?" అన్నాడు.

సూర్యావతికి ఆ మాట వినబడలేదు. అంటే, వినబడనట్టు కొట్టు ముందు వేలాడే నల్లబల్ల మీద రాసుకుపోయింది. తెలుగులో ఆవిడ, బర్మీస్‌లో డా ఖిన్‌మే. ఒక సరుకుకి ఒకే ధర. మినపపప్పు వీశ ఎనిమిది వేలు. మొహం చూడరాదు. చెప్పులు చూడరాదు. పిల్లలెందరని అడగరాదు.

"సూడకుండా ఎలాగమ్మాల?"

"అది నీ ఇష్టం."

బుల్లియ్య అంత పనీ చేశాడు. సోమవారం ముక్కాలిపీట వెనక్కి తిప్పి, గోడనున్న లక్ష్మీదేవి పటం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు ఆయన వీపుతో మాట్లాడాలి. ఆయన తూచి, చెయ్యి వెనక్కి చాచి పొట్లం ఇచ్చేవాడు. "ఊ బుల్లియ్య ఎవరి మీద అలిగాడు?" అని, మర్యాదకి పేరు ముందు 'ఊ' చేర్చే బర్మా వాళ్ళు అడిగితే "సట్టం సట్టమే" అని గోడతో చెప్పేవాడు. సూర్యావతి ఎనిమిది వేలకి వీశ పప్పు పుచ్చుకుని, ఎన్నికల్లో నెగ్గినంత ఠీవిగా ఇంటికెళ్ళింది.

ఆవిడ రోజూ ఆఫీసుకి బస్సెక్కే ముందు మలుపులో దేముడమ్మ దగ్గర నాలుగిడ్లీలు తింటుంది. దేముడమ్మ యాభై దాటిన ఒంటరి మనిషి. ఆ ఇడ్లీల బుట్టే ఆవిడకి ఆధారం. మంగళవారం ఇడ్లీ చిన్నదైంది. బుధవారం ఇంకా చిన్నదైంది. గురువారం మలుపులో బుట్టే లేదు. సూర్యావతి ఆవిడ గదికి వెళ్ళి చూస్తే ఇడ్లీ పళ్ళాలు తోమి బోర్లించి ఉన్నాయి.

"ఏం దేముడమ్మప్పా, ఇవాళ పెట్టలేదేం?"

"పప్పు దర ఒక్కపాలి పెరిగిపోనాదమ్మా. మొన్నటిదాకా వీశ అయిదున్నర వేలు. ఇప్పుడు ఎనిమిదట! ఇడ్లీ దర పెంచితే బస్సుకాడి పిల్ల గుంటలు కొనలేరు. లైంగ్‌థార్యార్ మిల్లు క్యాంటీనులో గిన్నెలు తోమడానికి రమ్మన్నారు. సోమారం నించి ఎల్లిపోతాను. రెండు బస్సులెక్కాల, అదే బాద."

అయిదున్నర! సూర్యావతి చూపు దించుకుంది. గడప దగ్గర కొత్త చెప్పుల జత కనబడింది.

"ఆ సెప్పులా? బుల్లియ్య బాబిచ్చాడు. కొట్లో ఎవరో మర్సిపోనారట. నా పాతయ్యి పారేసాను. ఆకుపచ్చ పట్టీయి, పిన్నీసెట్టినయ్యి."

సూర్యావతికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ తనమీద వేసిన ఎక్కువ ధర ఎక్కడికి పోతోందో అప్పుడు తెలిసింది. తడిగుడ్డ పట్టుకుని నేరుగా కొట్టుకి పరిగెత్తింది.

"మావయ్యా, చట్టం చెరిపేస్తున్నాను."

"మూడ్రోజులైంది ఆయమ్మ కొత్త సెప్పుల సప్పుడు ఇని," అన్నాడు బుల్లియ్య గోడ వైపు చూస్తూనే. "సెరిపేత్తే సందంతా ఎందుకని అడుగుద్ది. ఎవరి పేరు సెప్తావు?"

సూర్యావతి చెయ్యి ఆగిపోయింది. "ముందే ఎందుకు చెప్పలేదు? అందరం నిన్ను దొంగన్నాం కదా!"

"నన్ను దొంగంటే మీరు పప్పు కొనడం మానేసారేటి? తక్కువకిత్తన్నానని తెలిత్తే ఆయమ్మ మానేత్తాది. ఎల్లు, ఎల్లి తీసుకురా. సట్టం సంగతి నాను సూసుకుంటాను."

సూర్యావతి దేముడమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అరవీశ పప్పు, చట్టం ప్రకారం నాలుగు వేలు. బుల్లియ్య ఖచ్చితంగా తూచాడు. పొట్లం కట్టబోతూ "కొసరు" అని ఒక దోసెడు పోశాడు. ఇంకో దోసెడు పోశాడు. ఆగి, చెవి గోక్కుని, మళ్ళీ పోశాడు. అరవీశ కాస్తా ముప్పావు వీశ అయింది.

"ఇదేటి బాబూ, ఇంత కొసరా?"

"సట్టం ఒచ్చాక కొసరు పెంచాను. అందరికీ ఇదే. ఏటి సూర్యావతీ, నీకివ్వలేదేటి?"

సోమవారం సూర్యావతికి పడిన కొసరు సరిగ్గా మూడు గింజలు. "ఇచ్చాడప్పా," అంది. "సంచీ పట్టలేదు."

దేముడమ్మ మొహం వికసించింది. మిల్లుకి రానని కబురు పంపాలనుకుంటూ, పప్పు నానబెట్టడానికి గబగబా వెళ్ళిపోయింది. కొత్త చెప్పుల చప్పుడు సందు చివరిదాకా వెళ్ళేవరకూ బుల్లియ్య చెవొగ్గి విన్నాడు.

"బోర్డు మీద కొసరు మాట ఎక్కడైనా ఉందేటమ్మీ?"

"లేదు మావయ్యా. రాయను కూడా."

సూర్యావతికి నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఇంట్లో పప్పు ఉన్నా ఇంకో వీశ తూయించుకుని, ఎనిమిది వేలిచ్చి, కాసేపు ఆలోచించి త్రాసు పక్కన మరో వెయ్యి పెట్టింది. "ఇది నా కొసరు," అంది.

బుల్లియ్య వెనక్కి తిరగలేదు. చట్టం చట్టమే కదా! చెయ్యి చాచి నోటు తడుముకుని, లక్ష్మీదేవితో ఫిర్యాదు చేస్తున్నట్టు అన్నాడు.

"దీని దర తొమ్మిదని నాను ముందునించీ సెప్తూనే ఉన్నాను తల్లీ, ఇంటేనా!"