ఉరుకుంద బొరుగులు

మా పాప ఎమ్మిగనూరులో తను చదివే బడి నుంచి పిల్లల కథల పుస్తకాలు తెస్తుంటుంది. అన్నం తినిపిస్తూ నేనే చదివి వినిపిస్తాను. ఆ కథల్లో ఒక పిల్లను క్లాసంతా ఏడిపిస్తుంది, ఇంకో పిల్ల వచ్చి చేయి పట్టుకుంటుంది, దేవుడి పేరు చెప్పి కళ్ళెర్రజేసే తండ్రి ఆఖరి పేజీలో ఫక్కున నవ్వేస్తాడు. నాకు ఆ ఆఖరి పేజీ మీద ఎప్పుడూ అనుమానమే. అసలు నాకు అనుమానం లేనిది ఏముంది గనక! పాలాయన కొలత మీద అనుమానం, మా ఆయన బాగుందన్న కూర మీద కూడా అనుమానం. అది మా అవ్వ పెట్టిన భిక్ష.

ఆదోనిలో మాది ఉరుకుంద ఈరన్నస్వామిని కొలిచే ఇల్లు. శ్రావణమాసం వస్తే మా ఇంట్లో చెప్పులు అటక ఎక్కేవి. నొసట విభూది చెరగకూడదు, బయట వండింది ముట్టకూడదు. అందుకని ఆ నెలంతా బడిలో అందరూ వరుసగా భోజనానికి కూర్చుంటే, నేను మాత్రం సైకిళ్ళ షెడ్డులో ఇంటి డబ్బా విప్పుకునేదాన్ని. ఎనిమిదో తరగతిలో ఆ షెడ్డులోకి ఇంకొక పిల్ల వచ్చి చేరింది.

హాలహర్వి వైపు నుంచి వచ్చారు వాళ్ళు. వాళ్ళ నాయన పత్తి మిల్లులో హమాలీ. ఏసుప్రభువును నమ్మి, ప్రార్థన దగ్గర పట్టు విడవని ఇల్లు. ఆ పిల్లకు బొట్టు లేదు, పూలు లేవు, గాజులు లేవు, చెవులు కుట్టించలేదు. విగ్రహానికి పెట్టిన తిండి నోట పెడితే పాపమట. శ్రావణంలో బడి వంటామె అన్నం దించగానే ముందు దేవుడి పటానికి ఇంత పెట్టేది కాబట్టి, ఆ నెల ఆ పిల్లకూ ఇంటి డబ్బానే గతి.

వెనక బెంచీలో ముగ్గురు ఉండేవాళ్ళు. ఆ పిల్లను బోడినొసలు అనేవాళ్ళు, నన్ను బూడిదమూట అనేవాళ్ళు. తను పలక్కపోతే వీపు మీద బొట్టుబిళ్ళలు అతికించేవాళ్ళు. ఇంటికి పోయే లోపల నేను వాటిని గోటితో గీకి తీసేదాన్ని.

అవ్వకు సంగతి తెలిసింది. "ఊరికే ఎవురూ స్నేహం సేయరు పాపా. నిన్ను వాళ్ళల్లో కలుపుకునేకే ఆ యమ్మి నీ ఎంట తిరుగుతాంది," అంది. అక్కడ ఆ పిల్లకు వాళ్ళమ్మ, నేను తనను ఉరుకుందకు లాక్కుపోయేదాన్నని చెప్పిందట. ఆ మాట తనే నాతో చెప్పింది, చెప్పి నా ముఖంలోకి చూసింది, నిజమేనేమో అన్నట్టు. నేనూ అట్లాగే చూశాను. ఇద్దరి మధ్య మూరెడు జాగా వదిలి ఎవరి డబ్బా వాళ్ళం తినేవాళ్ళం. అయినా తను రాని రోజు నాకు ముద్ద దిగేది కాదు.

ఒక సోమవారం తను ఉగ్గాని తెచ్చింది. సగం తిన్నాక ఆ ముగ్గురూ షెడ్డు ముందుకు వచ్చి నిలబడ్డారు.

"తినేసినావా? ఉరుకుంద బొరుగులు కలిపినాంలే దాంట్ల. స్వామి ముందర పెట్టి తెచ్చినవి!"

తన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరం డబ్బా మీద వంగి వెతికాం. ఉగ్గాని అంటేనే నానబెట్టిన బొరుగులు. బొరుగుల్లో కలిసిన బొరుగులను ఏ కళ్ళతో ఏరతాం? తను, "మా నాయనకు తెలిస్తే బడి బందు మే. హాలహర్విలో మా మేనత్త కాడికి పంపిస్తాడు, కలుపు తీసేకి," అంది.

నేను క్లాసులోకి పోయి ఆ ముగ్గురి సంచులు తడిమాను. విభూది అంటిన కాగితం పొట్లం దొరికింది, ఖాళీగా. వాళ్ళే తినేసి ఉండొచ్చు, కలిపేసి ఉండొచ్చు. ఆ పొట్లం సంగతి తనకు చెప్పలేదు.

సాయంత్రం వాళ్ళ నాయన సైకిల్ మీద వచ్చాడు. ఆ ముగ్గురూ ఎదురుపోయి మరీ ఆయన చెవిన వేశారు. ఆయన బిడ్డను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి రోజు తను బడికి రాలేదు.

బడి వదలగానే మిల్లు వెనక వాళ్ళింటికి పోయాను. వాకిట్లో ఒక గుడ్డల సంచి కట్టి పెట్టి ఉంది. హాలహర్వి ప్రయాణానికేనని తెలిసిపోయింది. ఆయన నా నొసలు చూశాడు, ఉత్త కాళ్ళు చూశాడు.

"ఏం పాపా, యాడికి వచ్చినావు?"

ఈరన్న మీద దొంగ ఆన పెడితే కండ్లు పోతాయని మా అవ్వ చెప్పేది. మా దిక్కున ఆ ఆన పడిందంటే తగువు తీరినట్టే. నేను, "ఈరన్నస్వామి మీద ఆన, దాంట్ల ఏం కలపలేదు," అన్నాను.

ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకొకటి లేదని ఆయన ముఖం చూశాకే అర్థమైంది. "ఆ పేరు ఈ ఇంట్ల పలకొద్దు. మాకు ఆనలు లేవు. ఆన పెట్టినోళ్ళ మాట అసలే నమ్మం. ఊరికే సెప్పు. కలిపినారా, లేదా?"

తను తలుపు వెనక నుంచి చూస్తోంది. పొట్లం నా కళ్ళ ముందు మెదిలింది.

"లేదు," అన్నాను.

ఆయన నమ్మాడని ఇప్పటికీ అనుకోను. నవ్వలేదు, మెత్తబడలేదు. చివరికి లోపలికి తిరిగి, "రేపు బడికి పో," అన్నాడంతే.

ఆ తర్వాత నాకు భయం పట్టుకుంది. దారిలో పోయే బస్సుల బోర్డులు చదివి చూసుకునేదాన్ని. ఎమ్మిగనూరు అన్న అక్షరాలు మసకగా కనిపిస్తే అయిపోయింది నా పని అనుకునేదాన్ని. షెడ్డులో మాటిమాటికీ కళ్ళు నులుముకుంటుంటే తను ఏమైందని నిలదీసింది. దాచలేక పొట్లం సంగతి, ఆన సంగతి అంతా చెప్పేశాను.

నాకు వెంటనే అనుమానం. వాళ్ళు అబద్ధం ఆడరు కదా, పోయి నాయనతో చెప్పేస్తుంది, సంచి మళ్ళీ వాకిట్లోకి వస్తుంది. డబ్బా ముందు పెట్టుకుని తను కళ్ళు మూసుకుంది. పెదాలు ఎంతకీ ఆగడం లేదు. నా మీద ఏం చెబుతోందోనని మూరెడు జాగా జరిగి చెవి పెట్టాను.

"ప్రభువా, నేను తినింటే నన్ను క్షమించు. ఈ పాప నా కోసరమే ఆన పెట్టింది. దీని కండ్లు పోనీయొద్దు. ఈరన్నకు నువ్వే సెప్పు."

ఆ పేరు పలికినందుకు ఇంకొకసారి క్షమాపణ అడిగి, కళ్ళు తెరిచి, డబ్బా మూత తీసింది.