వెన్నెల చెప్పిన బాపు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, 2017 ఎండాకాలం. మహబూబ్‌నగర్ ఫ్యామిలీ కోర్టులో పిల్లల గదికి ఆయాగా నేను చేరి అప్పటికే కొన్నేళ్లయింది. ఫ్యామిలీ కోర్టంటే ఆలుమగల కేసులు నడిచే చోటు. పెద్దవాళ్లు లోపల వాదించుకుంటుంటే పిల్లలు నా దగ్గర ఉంటారు. ఒక చాప, రెండు కుర్చీలు, గోడ మీద కుందేలు బొమ్మ, చక్రం ఊడిన లారీ, మూలన నీళ్ల కుండ. ఇదీ నా గది. నేను చదివింది నాలుగో తరగతే గానీ, ఆ గదిలోకి వచ్చిపోయిన పిల్లల మొహాలు ఒక్కటీ మరిచిపోలేదు. వెన్నెలనైతే మరవమన్నా మరవను. పేర్లు మాత్రం మార్చి చెబుతున్నాను.

వెన్నెలకు అప్పుడు ఐదేళ్లు. తల్లి సువర్ణది నారాయణపేట దగ్గరి ఊరు, చీరలు నేసే ఇల్లు. తండ్రి రమేశ్ జడ్చర్లలో మందుల కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు. వాళ్లదీ నేతింటి వంశమే, కాకపోతే వాళ్ల నాయిన కాలంలోనే మగ్గం విప్పేశారు. జడ్చర్లలో కిరాయికి ఉన్న ఒంటి గదిలో మగ్గం వేసుకునే జాగా లేదు. సువర్ణకేమో మగ్గం లేకుంటే పొద్దుపోదు. ఇంకా ఆ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడమేంటని అతను, నువ్వు ఆ కంపెనీ వాసన ఇంటికి తేవడం లేదా అని ఆమె. ఇంతే మాటలు. అవే ముదిరి ముదిరి, కాన్పుకు పుట్టింటికి పోయిన మనిషి మళ్లీ తిరిగి రాలేదు. వెన్నెల అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది. తాగుడు లేదు, కొట్టుడు లేదు. ఇద్దరూ మంచివాళ్లయిన కేసే తెమలడం కష్టమని మా కౌన్సెలరమ్మ అంటుండేది. తప్పెవరిదో తేలదు కదా మరి.

విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నారు. తగవంతా కస్టడీ మీద. కస్టడీ అంటే పిల్ల ఎవరింట్లో పెరగాలన్నది. అది తేలేదాకా విజిటేషన్ ఇచ్చారు. అంటే తండ్రి నెలకోసారి వచ్చి నా గదిలో బిడ్డను చూసి, కాసేపు ఆడించి పోవచ్చు.

రమేశ్ మొదటిసారి వచ్చినప్పుడు వెన్నెల నా కొంగు చాటుకు పోయి ఎంతకూ బయటికి రాలేదు. అతనేమీ బలవంతం చేయలేదు. సంచిలోంచి మందుల డబ్బాల అట్టలు తీసి, చాప మీద కూర్చుని తన పాటికి తాను ఒక ఇల్లు చేయడం మొదలుపెట్టాడు. పైకప్పు వేసేటప్పటికి పిల్ల కొంగు వదిలింది. తర్వాతి నెల బస్సు చేశాడు. బస్సుకు కిటికీ ఏదని అడిగింది. కిటికీ కోశాడు. డ్రైవరేడని అడిగింది. డ్రైవర్ చాయి తాగ పోయిండని చెబితే, నవ్వు ఆపుకోలేక నా మీద పడిపోయింది.

ఒకరోజు పిల్ల వెళ్లిపోయాక మిగిలిన అట్టలు ఏరుకుంటూ అన్నాడు.

"పెద్దమ్మా, నెలకొక్కపారి చూస్తే బిడ్డ నన్ను మర్శిపోదా? నా దగ్గరనే ఉంటె నేర్సుకుంటది గద."

"ఏం నేర్సుకుంటది బిడ్డా?"

"నన్ను."

అతను పిల్లను తన ఇంటికి అడిగింది అందుకే. సువర్ణ బాధ సువర్ణది. విజిటేషన్ ఉన్నంతసేపూ వరండాలో కూర్చుని గది తలుపు వైపే చూస్తుండేది. ఒకసారి తీసుకుపోతే మళ్లీ పంపడేమోనని ఆమె ఫికర్. నేను తెచ్చిన చాయి కూడా చేతిలోనే చల్లారిపోయేది.

కేసు చివరికొచ్చింది. ఇట్లాంటప్పుడు జడ్జి పిల్లలను తన ఛాంబర్‌కు పిలిపించుకుంటారు. ఛాంబర్ అంటే జడ్జి సొంత గది. అమ్మానాన్నలు ఉండరు, నల్లకోట్లు ఉండవు. పిల్ల మనసులో ఏముందో నెమ్మదిగా అడుగుతారు. వెన్నెల నా చెయ్యి వదలనంటే జడ్జమ్మ నన్ను కూడా ఉండమన్నది. బడి గురించి అడిగింది, వాళ్ల ఇంటి కోడిపిల్లల గురించి అడిగింది. పిల్ల బాగానే చెప్పింది. అప్పుడు జడ్జమ్మ, నీకు ఎవరి దగ్గర ఉండాలనుంది తల్లీ అని అడిగింది.

"బాపు తోని ఉంట" అన్నది వెన్నెల. అనేసి, ఎవరో లాక్కుపోతున్నట్టు ఏడుపందుకుంది. జడ్జమ్మ ఇంకేమీ అడగలేదు.

మా దిక్కు బాపు అంటే తండ్రి. నేనూ అదే అనుకున్నాను. ఎక్కిళ్లు పడుతున్న పిల్లను గదికి తీసుకొచ్చి చాప మీద పడుకోబెట్టాను. అట్ట ఇళ్లు పని చేశాయి అనుకున్నాను. రమేశ్ కోసం సంతోషపడాలో, సువర్ణ కోసం ఏడవాలో తెలియలేదు.

పిల్లను కౌన్సెలరమ్మకు అప్పగించి నేను హాల్లో వెనక నిలబడ్డాను. పిల్ల తండ్రి దగ్గర ఉంటానన్నదని జడ్జమ్మ ఇద్దరికీ చెప్పింది. సువర్ణ లేచింది.

"మేడం, మా ఇంట్ల బాపు అంటె మా నాయిన. నేను, మా తమ్ముళ్లు గట్లనే పిలుస్తం. అది ఇని పిల్ల కూడ గట్లనే అంటది."

రమేశ్ తరపు వకీలు నవ్వాడు. "నిన్నటిదాంక లేని తాత ఇయ్యాల్నే పుట్టిండా అమ్మా?" అన్నాడు. హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నిజం చెప్పాలంటే, బిడ్డ పోతుందన్న భయానికి అల్లి చెబుతుందేమోనని నాకూ అనిపించింది. జడ్జమ్మ పిల్లను మళ్లీ తీసుకురమ్మని నా వైపు చూసింది. అప్పుడే నిద్ర పట్టిన పిల్లను లేపడం ఇష్టం లేక అక్కడే నిలబడ్డాను.

అప్పుడు రమేశ్ లేచాడు. వకీలు అంగీ పట్టి కూర్చోమని లాగుతున్నా కూర్చోలేదు.

"పిల్లను మల్ల అడుగకుండ్రి మేడం. సువర్ణ చెప్పింది నిజమే. నన్ను బాపు అనది."

"మరి నిన్నేమని పిలుస్తుంది?" అని జడ్జమ్మ అడిగింది.

"ఏమనది మేడం. నాకింకా ఏ పిలుపు పెట్టలే."

నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. నాకు అప్పుడు తట్టింది. అన్ని నెలలు నా పక్కనే ఆడుకున్నారు. ఇంకోటి చెయ్యి, కిటికీ పెట్టు, డ్రైవరేడి అని ఎన్నో అడిగింది గానీ, ఆ మనిషిని ఒక్కసారీ ఏ వరసతోనూ పిలవలేదు. అతను మాత్రం ప్రతిసారీ దానికోసమే చూశాడు.

భోజనం వేళకు కోర్టు లేచింది. రమేశ్ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే సువర్ణ అక్కడికి వెళ్లింది. వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదలు.

"ఎందుకు చెప్పినవ్? ఊకుంటె బిడ్డ నీకే వస్తుండె."

"వచ్చి? రోజు బాపు బాపు అని ఏడుస్తుండె. గా ఏడ్పు నేనెట్ల ఆపాలె?"

సువర్ణ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. ఆమె చేతులకు తడే లేదు.

మధ్యాహ్నం కస్టడీ తల్లికని చెప్పారు. విజిటేషన్ దగ్గరికి వచ్చేసరికి, కోర్టులో నెలకెన్నిసార్లు, ఎంతసేపు అని వకీళ్లు బేరం మొదలుపెట్టారు. సువర్ణ మధ్యలోనే లేచింది.

"కోర్టుల వద్దు మేడం. ఆయన మా ఇంటికే రావాలె. మా బాపుతోని నేను మాట్లాడుకుంట."

అల్లుడి పేరెత్తితే కంచం ముందునుంచి లేచిపోయే మనిషట వాళ్ల బాపు. అయినా అన్నది. జడ్జమ్మ అట్లాగే రాయించింది. వెన్నెల మళ్లీ నా గదికి రానక్కర లేకపోయింది. మా పనిలో మంచి రోజంటే అదే, ఒక పిల్ల మా గదికి రావడం మానేసిన రోజు.

వానలు పడ్డాక ఆర్డర్ కాపీ కోసం సువర్ణ కోర్టుకొస్తూ పిల్లను వెంట తెచ్చింది. వెన్నెల తన చాప అన్నట్టే వచ్చి కూర్చుని ఊళ్లో ముచ్చట్లన్నీ చెప్పింది. కోడిపిల్లలు పెద్దవయ్యాయట. మేనమామ సైకిల్ కొన్నాడట.

"మొన్న జడ్చర్ల బాపు వచ్చిండు. బాపు అచ్చు మీద చాయి ఒలకబోసిండు. బాపు గుంతలకెల్లి లేసి ఎంత తిట్టిండో!"

అచ్చంటే మగ్గంలో పోగులు సర్దే దువ్వెన. గుంతలో నేసే బాపు ఎవరో, చాయి ఒలకబోసిన బాపు ఎవరో నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. జడ్చర్ల బాపు అనే పిలుపు ఎవరు నేర్పారని సువర్ణను అడిగాను. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎవ్వలం నేర్పలే పెద్దమ్మా. అదే పెట్టుకున్నది."

ఆ కేసు తర్వాత నా పనిలో ఒక అలవాటు పడింది. ఏ పిల్ల అమ్మ అన్నా, నాయిన అన్నా, బాపు అన్నా నాకు తెలిసిన అర్థం నేను తీసుకోను. మీ ఇంట్ల ఆయన ఏం పని చేస్తడు, ఎక్కడ పండుకుంటడు అని అడుగుతాను. తల్లిని అక్క అని, అవ్వను అమ్మ అని పిలిచే పిల్లలు ఎందరో తేలారు. కొందరు వెంటనే చెబుతారు. కొందరు లారీ చక్రం తిప్పుతూ చాలాసేపు చెప్పరు. చెప్పేదాకా చాప మీద వాళ్ల పక్కన కూర్చుంటాను.