బ్రేకు గొట్టానికి బంగారు పూత

2022 ఏప్రిల్ నెలాఖరు. బందరులో చిలకలపూడి వెళ్ళే రోడ్డు పక్కన నా షెడ్డు. అప్పటికి కార్లు బాగుచేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎండకంటే ఉక్క ఎక్కువ. సముద్రం మీది గాలి ఉప్పు మోసుకొచ్చి ఒంటికీ ఇనుముకీ ఒకేలా పూస్తుంది. మనిషి సాయంత్రానికి స్నానం చేస్తాడు, బండికి ఆ భాగ్యం లేదు. అందుకే బందరు కార్లు పైకి పెళ్ళికొడుకుల్లా మెరుస్తున్నా, కిందికి దూరి చూస్తే తుప్పు.

ఫోన్లో వీడియోలు వచ్చాక ఇంటికో మెకానిక్ తయారయ్యాడు. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరునీళ్ళు పోసి, లోపల ఉప్పు గడ్డకట్టాక తోయించుకుంటూ వచ్చినవాళ్ళున్నారు. దివిసీమ నుంచి వచ్చిన ఒక రొయ్యల చెరువుల ఆసామి, ఇంజన్ ఆయిల్ గీత దాకా ఉంటే చాలదనుకుని మూత దాకా నింపాడు. "తక్కువైతే కదండీ ప్రమాదం" అని నాకే పాఠం చెప్పాడు. ఇలాంటివాళ్ళ మీద నాకు కోపం వస్తుంది, నిమిషంలో పోతుంది. చేతగానివాడు చేసిన తప్పు మూత తియ్యగానే కనపడుతుంది కాబట్టి బాగుచేయడమూ తేలికే. వీరభద్రం గారి సంగతి వేరు.

ఆయన చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేస్తారు. రాగి మీదో ఇత్తడి మీదో పల్చగా బంగారు పూత పూసే పని అది. నలభై ఏళ్ళుగా ఆ బల్ల ముందే కూర్చున్నారు. వెంట్రుకంత తీగకి ఆయన పెట్టిన అతుకు భూతద్దంలో కూడా దొరకదని మార్కెట్లో పేరు. ఆయనకూ నాకూ చుట్టరికం లేదు, అయినా బాబాయ్ గారూ అనే పిలుస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పదకొండేళ్ళ చిన్న కారు ఆయనది. దాన్ని కూడా నగని తుడిచినట్టే తుడిచేవారు.

ఆ రోజు పదకొండింటికి బండి తెచ్చి షెడ్డు ముందు ఆపారు.

"ఏవయ్యా నాగేసూ, ఏసీ చల్లగా రావట్లేదు. రేప్పొద్దున్నే మోపిదేవి వెళ్తున్నాం. మనవరాలికి చెవులు కుట్టించాలి. అమ్మాయీ పాపా గుడివాడ నించి దిగారు. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యి."

మోపిదేవి సుబ్బారాయుడి గుడికి పిల్లల చెవులు కుట్టించడానికి మా వైపువాళ్ళు చాలామంది వెళ్తారు. సరేనండీ అని తాళం తీసుకున్నాను.

ఏ పనికి వచ్చిన బండినైనా ముందు ఒక చుట్టు తిప్పి చూడటం నా అలవాటు. వీధి చివర మలుపులో బ్రేకు మీద కాలు వేశాను. నానిన అటుకుల మీద కాలు వేసినట్టు మెత్తగా దిగింది. బండి ఆగింది గానీ నాకు నచ్చలేదు. మనం పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్ చక్రాల దాకా తీసుకెళ్తుంది. ఆ ఆయిల్ వెళ్ళే సన్నటి ఇనప గొట్టాన్ని బ్రేక్ లైన్ అంటాం. గొట్టంలో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. గాలి చేరిందంటే ఎవరో ఎక్కడో ఊడదీసి ఉండాలి.

బండిని పిట్ మీద పెట్టాను. పిట్ అంటే మేం నిలబడి బండి కింద పనిచేసుకునే గొయ్యి. లైటు వేసి చూసుకుంటూ వెనక చక్రం దాకా వచ్చేసరికి కళ్ళు చెదిరాయి. పదేళ్ళ తుప్పు మధ్యలో మూరెడు గొట్టం బంగారంలా తళతళలాడుతోంది. ఫోన్ చేసి రమ్మన్నాను. పావుగంటలో వచ్చారు.

"బాబాయ్ గారూ, ఈ లైన్ ఎవరు చేశారండీ?"

"నేనే." ఆయన మొహం వెలిగిపోయింది. "నెల్లాళ్ళ కిందట చుక్కచుక్క కారుతోందని వీడియో చూసి ఊడదీశా. కుళ్ళిన చోట కోసేసి, రాగి తొడుగేసి, వెలిగారం చల్లి వెండి టంకం పెట్టా. మళ్ళీ తుప్పు పట్టకుండా పూత కూడా ఇచ్చా. ఎట్టా ఉంది?"

"నగలాగా ఉందండీ."

"మరి."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. బ్రేక్ లైన్‌కి అతుకు పెట్టడం మా పనిలో లేదు. పాడైతే మార్చాలి, అంతే. ఆ మాటే చెప్పాను. ఆయన వినలేదు. మెడలో గొలుసుకి అతుకు పెట్టేవాడు ఇనప గొట్టానికి పెట్టలేడా అన్నారు. నెల్లాళ్ళుగా తిరుగుతున్నా ఏమీ కాలేదుగా అన్నారు.

"ఊళ్ళో తిరిగారు, కోనేరు సెంటరు దాకా. రేపు ఇంటిల్లిపాదీ ఎక్కి కాలవ గట్టు మీద వెళ్తారు."

"అయితే ఏవంటావ్?"

"ఈ బండి ఇట్టా ఇవ్వనండీ."

"నా బండయ్యా అది."

"మీదేనండీ. ఆ పాప కూడా మీ పాపే."

తాళం చెవి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాను. పెద్దాయనతో అలా మాట్లాడటం తప్పే. కానీ ఆ లైన్‌తో ఆయన్ని పంపించి ఇంట్లో అన్నం తినగలనా? ఎంత పోట్లాడినా సరే పంపించకూడదని నిశ్చయించుకున్నాను.

"మీ అతుకు ఆగదు. ఇప్పుడే చూపిస్తాను" అని సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆయన లైటు పట్టుకుని పిట్‌లోకి దిగారు. నా బలమంతా పెట్టి తొక్కాను.

"చుక్క లేదు" అన్నారు కింద నుంచి.

మళ్ళీ తొక్కాను. మళ్ళీ. పదిసార్లు తొక్కి ఉంటాను. పదిసార్లూ అదే మాట. నేను దిగి తెల్లగుడ్డతో అతుకు తుడిచి చూశాను. గుడ్డ పొడిగా ఉంది. నా తల కొట్టేసినట్టయింది. ఆయన పైకెక్కి చెయ్యి చాపారు.

"తాళం ఇటియ్యి."

నా చెయ్యి గుండీ మీదికి వెళ్ళింది కూడా. ఏదో ఒకటి మాట్లాడాలని మాత్రమే అడిగాను, "తుప్పు పట్టిన ఇనుము మీద పూత అంత నున్నగా ఎట్టా పట్టిందండీ?"

"తుప్పు ఉంచుతావా ఏవిటి? యాసిడ్‌లో ముంచా. మొండి తుప్పు గదా, నగలకంటే రెండింతల సేపు ఉంచా."

"గొట్టం లోపలికి కూడా వెళ్ళిందా?"

"వెళ్ళదా మరి? తర్వాత శుభ్రంగా కడిగేశాలే."

గుండీ మీద నుంచి చెయ్యి తీసేశాను. నగ చేసేవాళ్ళు పూతకి ముందు యాసిడ్ పట్టిస్తారు. అది వాళ్ళ పద్ధతి, నగకి మేలే. కానీ ఈ గొట్టాన్ని అప్పటికే బయట నుంచి ఉప్పుగాలి సగం తినేసింది. మిగిలిన సగాన్ని లోపల నుంచి యాసిడ్ తిన్నది. దాని మీద చక్కగా పూత పూశారు కాబట్టి ఎంత పల్చబడిందో ఎవరికీ కనపడదు. నేనేమో ఇంతసేపూ అతుకు దగ్గరే లైటు పెట్టించి చూస్తున్నాను.

"బాబాయ్ గారూ, ఒక్కసారి మీరు తొక్కండి. మీరు తొక్కినా కారకపోతే తాళం ఇచ్చేస్తాను. కాలవ గట్టు మీద వెళ్తున్నారు, మలుపులో గేదె అడ్డం వచ్చింది. అట్టా తొక్కండి."

ఆయన నవ్వుతూ కూర్చున్నారు. స్టీరింగ్ పట్టుకుని నిజంగానే గేదె వచ్చినట్టు ఒక్కసారిగా తొక్కారు. పిట్‌లో నిలబడ్డ నాకు జివ్వుమని చప్పుడు వినపడింది. ఆయిల్ గోడకి చిమ్మింది. అతుకు చెక్కు చెదరలేదు. దానికి నాలుగు వేళ్ళ దూరంలో, బంగారంలా మెరుస్తున్న చోట గొట్టం చీలిపోయింది.

నేను పైకి ఎక్కి చూస్తే ఆయన కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. పెడల్ బాగా కిందికి జారిపోయింది. ఇలాంటి చిన్న కార్లలో బ్రేకులకి రెండు దారులుంటాయి. ఒక దారి పోతే ఒక ముందు చక్రానికీ, దానికి ఎదురు మూల ఉన్న వెనక చక్రానికీ మాత్రమే బ్రేకు మిగులుతుంది. బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది, పైగా ఒక పక్కకి లాగుతుంది. ఆ రోడ్డులో పక్కన ఉండేది కాలవే. ఇదంతా ఆయనకి చెప్పాను. చెప్పాల్సిన పని కూడా లేదు, ఆ కాలికి తెలిసింది.

పెడల్ మీద నుంచి కాలు తీసి, "పాప తాతయ్య కార్లో అయితేనే చెవులు కుట్టించుకుంటానందయ్యా" అన్నారు. "వేరే కారు మాట్లాడతాలే."

"అక్కర్లేదండీ. రేప్పొద్దున మీ కార్లోనే వెళ్తారు."

అనేశాను. అప్పటికి మధ్యాహ్నం రెండవుతోంది. బందరులో నాకు తెలిసిన షాపులన్నింటికీ ఫోన్ చేస్తే ఎవరి దగ్గరా ఆ లైన్ లేదు. గుడివాడలో ఒకాయన, తయారు లైన్ లేదు గానీ కొత్త గొట్టం చుట్ట ఉంది, నువ్వే కోసుకుని మూతులు చేసుకోవాలి అన్నాడు. బస్సులో వేసెయ్యమన్నాను. మా డెల్టాలో విడిభాగాలు అలాగే ప్రయాణం చేస్తాయి. నేను పాత లైన్లు విప్పుతుంటే వీరభద్రం గారే బస్టాండుకి వెళ్ళి కూర్చున్నారు. నాలుగున్నరకి చుట్ట భుజాన వేసుకుని వచ్చారు.

వెనక లైన్లు రెండూ మార్చాలని అప్పటికే తేల్చుకున్నాను. గొట్టం చివర సన్నాయి మూతిలా విప్పారేట్టు చేయాలి. దాన్ని ఫ్లేరింగ్ అంటారు. ఆ మూతి సరిగ్గా కూర్చుంటేనే ఆయిల్ కారదు. మొదటిది చేశాను, రెండోది చేశాను. ఆయన రెండోది అందుకుని వెలుగులో తిప్పి చూశారు.

"ఇది ఒక పక్కకి పోయింది."

"ఏం పోలేదండీ."

"పోయిందయ్యా. మళ్ళీ చెయ్యి."

పొద్దున్నుంచీ ఆయన్ని తిట్టిన నోటితో కాదనబోయి, కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నిజమే, నూలుపోగంత తేడా ఉంది. ఆ చివర కోసేసి మళ్ళీ చేశాను. ఆ తర్వాత ప్రతి మూతీ ఆయన చేతికిచ్చి, సరే అన్నాకే బిగించాను.

ఆఖరి పని బ్లీడింగ్, అంటే లైన్‌లో చేరిన గాలిని బయటికి తోలడం. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర మర తిప్పి గాలి వదిలి, మళ్ళీ బిగించాలి. ఆయన ఒళ్ళో తువ్వాలు వేసుకుని సీట్లో కూర్చున్నారు. "తొక్కండి. పట్టుకోండి. ఆ, వదలండి." నాలుగు చక్రాలకీ ఇదే మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆయన వయసుకి మోకాలు నొప్పి పుట్టే ఉంటుంది. ఒక్కసారి కూడా చాలా అని అడగలేదు. దీపాలు పెట్టే వేళకి పెడల్ గట్టిపడింది. గేదె వచ్చినట్టు ఇరవైసార్లు తొక్కించి, కింద ప్రతి జాయింటూ తుడిచి చూసి, అప్పుడు జేబు గుండీ విప్పాను. ఏసీ సంగతి ఇద్దరం మర్చిపోయాం.

మూడో రోజు పొద్దున ఆ కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. పాప దిగి, ఎర్రగా కందిన చెవులు నాకు చూపించి, ఏడవలేదని చెప్పింది. వెనకే వాళ్ళ తాతయ్య దిగి నన్ను పక్కకి తీసుకెళ్ళారు.

"చల్లపల్లి దాటాక మలుపులో గేదె అడ్డం వచ్చిందయ్యా. నిజం గేదె. పాప నా సీటు పట్టుకుని వెనకే నించునుంది." కుడికాలు నేలకి నొక్కి చూపించారు. "తొక్కా. ఆగింది."

నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ రోజు గుండీ మీదికి వెళ్ళిన నా చెయ్యే నాకు గుర్తొచ్చింది. పూత అంత నున్నగా ఎలా పట్టిందని నేను అడక్కపోయుంటే తాళం ఇచ్చేసేవాణ్ణే.

ఆ చీలిన గొట్టం ఇప్పటికీ మా షెడ్డు గోడకి మేకున వేలాడుతోంది. పూత వెలిసిపోలేదు. అప్పటినుంచి ఎవరు తాళం ఇచ్చినా ముందు "మీరేం పని చేస్తారండీ?" అని అడుగుతాను. బండికి ఏమైందో చెప్పమనకుండా ఇదేమిటని తికమకపడతారు. తన పనిలో ఆరితేరినవాడు బండి మీద ఏం ప్రయోగం చేసి ఉంటాడో ఆ జవాబులో దొరుకుతుంది. ఎక్కడైనా అతుకు కనపడితే మాత్రం అతుకుతో ఆగను. దానికి అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు వెళ్ళి చూస్తాను.