సున్నాకి విలువ లేదన్నారు కదా

రాయపూర్ రైల్వే వాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసిన బంగారయ్యకి త్రివేణి ఒక్కతే కూతురు. ఆయన శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడినవాడు, ఆమె మాత్రం పుట్టిందీ చదివిందీ రాయపూర్‌లోనే. రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాదే తెలీబంధా చెరువు దగ్గర ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరింది. పిల్లలు ఆమె క్లాసు ఎగ్గొట్టేవారు కాదు. మార్కులూ బాగానే వచ్చేవి. తన పనిలో వంక పెట్టిన వాళ్ళెవరూ లేరు, పెట్టాల్సిన వంక ఉందని ఆమెకూ ఎన్నడూ తోచలేదు.

ఎనిమిదో క్లాసులో ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకునే ప్రీతి ఒక సోమవారం బడికి రాలేదు. చంటి తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేర్చారని పక్కింటి పిల్ల చెప్పింది. సాయంత్రం త్రివేణి ఆటో ఎక్కి నేరుగా అక్కడికే వెళ్ళింది.

వరండాలో నేలమీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది ప్రీతి. వాళ్ళమ్మకి చదువు రాదు. తండ్రి రైస్ మిల్లులో పనికి పోతాడు. జలుబుకి డాక్టరు రాసిచ్చిన చుక్కల మందు పట్టింది ఈ పిల్లే. పట్టాల్సిన దానికి పది రెట్లు పట్టేసింది. పసివాడు కళ్ళు తెరవకుండా పడి ఉంటే ఎత్తుకుని పరుగెత్తుకొచ్చారు. ప్రాణానికి ఫరవాలేదని అప్పుడే చెప్పి వెళ్ళింది నర్సు.

త్రివేణి పక్కనే కూర్చుని మెల్లగా అడిగింది. "డాక్టరు ఎంత పట్టమన్నారమ్మా?"

"పాయింట్ ఐదు ఎమ్మెల్, మేడమ్."

"నువ్వెంత పట్టావు?"

"ఐదు. చుక్కల గొట్టం విరిగిపోయింది. ఇంకో సీసా మూత ఉంటే దాన్లో ఐదు గీత దాకా పోశాను."

"చీటీలో ఐదుకి ముందు సున్నా ఉంది కదా, చూళ్ళేదా?"

"చూశాను మేడమ్. ముందున్న సున్నాకి విలువ లేదన్నారు కదా. రెండో క్లాసులో చెప్పారు. సున్నా ఐదు రాసినా ఐదే అని."

"మరి మధ్యలో చుక్క?"

ప్రీతి వేలితో నేలమీద చుక్క పెట్టి చూపించింది. "చుక్క లెక్కల్లో పెడతాం మేడమ్. పెట్టకపోతే తప్పు వేస్తారు."

దశాంశాల లెక్కల్లో ఈ పిల్లకి ఒక్క మార్కూ పోయేది కాదు. చుక్క ఎక్కడ పెట్టాలో కంఠతా తెలుసు. ఆ చుక్క ఏం చెబుతుందో మాత్రం తెలియదు. అది తెలియకనే తమ్ముణ్ణి మృత్యువు దాకా తీసుకెళ్ళి వచ్చింది. త్రివేణి పిల్ల తల మీద చెయ్యి వేసింది.

మర్నాడు ఎనిమిదో క్లాసులో పాఠం మొదలుపెట్టకుండా, "అర లీటరు పాలని చుక్క పెట్టి రాయండి" అంది. బెంచీల మధ్య తిరుగుతూ చూసింది. సగానికి పైగా పిల్లలు ఒకటి, చుక్క, రెండు అని రాశారు. ఒకటి బై రెండు కదా, మధ్య గీత తీసి చుక్క పెట్టారంతే. ఆమె ఆ పుస్తకాలు తీసుకుని ప్రిన్సిపాల్ గదికి నడిచింది.

ప్రిన్సిపాల్ వెంకటరత్నం విని నిట్టూర్చాడు. "పాపం. కానీ మందు పట్టడం ఇంటి సంగతి త్రివేణిగారూ. బడికి సంబంధం ఏముంది?"

"రోజూ ఆరు గంటలు మన దగ్గరే ఉంటోంది సార్. చుక్క అంటే ఏమిటో చెప్పింది ఎవరో కనుక్కోనివ్వండి. శనివారం మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టండి, చాలు."

శనివారం పిల్లలు వెళ్ళాక హాలు నేలమీద ఆమె సుద్దతో ఎనిమిది గళ్ళు గీసింది. ఒక్కో క్లాసుకీ ఒక్కో గడి. "మనమే ఒక పిల్ల అనుకుని ఒకటో క్లాసు నుంచి నడుద్దాం. దశాంశం ఎక్కడ తగులుతుందో ఆ టీచరు చెప్పాలి" అంది. రెండో క్లాసు టీచరు తన గడిలో నిలబడి, "ముందున్న సున్నా గురించి చెప్పేది నేనే. ఆ వయసుకి అది చాలు, మిగతాది పైన చెబుతారనుకున్నాను" అంది.

ఐదో గడిలో రాజశ్రీ ఉంది. పలాస వైపు మనిషి. త్రివేణికి స్నేహితురాలు, వయసులో పెద్దది.

"దశాంశాలు మొదలయ్యేది నీ దగ్గరే కదక్కా?"

"పుస్తకంలో ఆఖరి పాఠమది. మార్చిలో వస్తాది. హోలీ అయ్యాక బచ్చాలు బడికొస్తారేటే? ఆరులో మళ్ళీ ఉంది కదా, యోగేష్ సార్ చెప్పేస్తారని వదిలేస్తాను."

ఆరో గడిలో ఉన్న లెక్కల మాస్టారు యోగేష్ ఆమె వైపు తిరిగాడు. "ఐదులో అయిపోయిందనుకుని నేను ఒక్క రోజు తిరగేయించి గుణకారంలోకి పోతాను" అన్నాడు.

ఏడో గడిలోకి అడుగుపెట్టింది త్రివేణి. "నేను జూలైలో థర్మామీటరు చెబుతాను. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు అని చదివిస్తాను" అంది.

"జూలైలోనా?" ఉలిక్కిపడ్డాడు యోగేష్. "ఏడులో నేను దశాంశాలు తీసేది నవంబరులో మేడమ్!"

ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. ఒకరి కూర ఒకరికి తెలుసు, ఒకరి పాఠం ఒకరికి తెలియదు. థర్మామీటరు చదివిన పిల్లలు చిలకల్లా పలికారని త్రివేణికి ఆ క్షణంలో అర్థమైంది.

యోగేష్ గొంతు పెంచాడు. "అయితే ఆ పసివాడి ప్రాణం మీదికి తెచ్చింది నేనా?"

"నేనూ నువ్వూ అందరమూ, నాయనా" అంది రాజశ్రీ. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. యోగేష్ బయటికి వెళ్ళిపోయాడు.

ఇక తమతో కలిసి రాడనుకుంది త్రివేణి. సోమవారం ప్రార్థనకి ముందే వచ్చాడు, నిద్ర లేని కళ్ళతో.

"మా అబ్బాయిని అడిగాను మేడమ్. వాడు ఇంకో బడిలో ఎనిమిది చదువుతున్నాడు, మన బడికంటే ఎంతో పెద్దది. అర లీటరుని వాడూ ఒకటి పాయింట్ రెండనే రాశాడు." తల దించుకున్నాడు. "ఇంట్లో లెక్కల మాస్టర్ని పెట్టుకుని."

ఆ వారం నుంచి ప్రతి శనివారమూ కూర్చున్నారు. రాజశ్రీ దశాంశాల్ని దీపావళికి ముందుకి జరిపి, పాల ప్యాకెట్లూ మందు మూతలూ తెచ్చి కొలిపించింది. యోగేష్ ఏడులో నవంబరు పాఠాన్ని జూలైకి తెచ్చాడు. త్రివేణి థర్మామీటరుని దాని వెనక్కి నెట్టింది. రెండో క్లాసు టీచరు తన సున్నా పాఠానికి 'చుక్క లేనప్పుడు మాత్రమే' అన్న మాట చేర్చింది. ఒకటి సరిచేస్తుంటే ఇంకొకటి బయటపడేది. నీటి కాలుష్యం మీద ఒకే వ్యాసాన్ని పిల్లలు హిందీలో, సాంఘికంలో, సైన్సులో మూడేళ్ళపాటు రాస్తున్నారు. పటం చూసి దూరం లెక్కగట్టడం మాత్రం ఎవరూ నేర్పడం లేదు. అలాంటిది దొరికినప్పుడల్లా సుద్దతో ఆ క్లాసు గడిలో రాసుకునేవారు.

పసివాడు కోలుకుని ఇంటికి వచ్చాడు. ప్రీతి మాత్రం చాలా రోజులు బడికి రాలేదు. త్రివేణి సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళి, చెంచాలో నీళ్ళు పోసి, అందులో పదో వంతు ఎంతో చూపించేది. మొదట్లో పిల్ల చెంచా ముట్టుకోవడానికే భయపడింది.

"నీ తప్పు కాదమ్మా" అందొకరోజు త్రివేణి.

"మరి ఎవరిది మేడమ్?" అంది ప్రీతి.

త్రివేణి బడిలో టీచర్లందరి పేర్లూ చెప్పింది, తన పేరుతో మొదలుపెట్టి. పిల్ల నోరు తెరుచుకుని విని, చివరికి చెంచా అందుకుంది.