అర అంగుళం ఆలస్యం

ప్రభుదాసు ఉద్యోగం పేరు టేపు రికార్డిస్టు. చేసేది మాత్రం దర్జీ పని. యూనివర్సిటీ క్యాంపస్ చివర రేకుల షెడ్డులో కూర్చుని, గోధుమరంగు టేపును బ్లేడుతో కోసి, అతికించి, ప్రొఫెసర్ల ఉపన్యాసాల్లోంచి దగ్గులూ నసుగుడూ తీసేసేవాడు. తార్నాకలో అద్దె ఇల్లు, టీచరు భార్య హెలెన్, ఆదివారం చర్చిలో హార్మోనియం. "మా వారు కోస్తే అతుకు దేవుడికి కూడా కనబడదు" అని హెలెన్ చెప్పుకునేది. అతను ఆ మాట కాదనేవాడు కాదు.

1968 జూన్‌లో శాఖాధిపతి సూర్యనారాయణ గారికి జానపద కళల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఢిల్లీ నుంచి అతిథులు వస్తున్నారు మరి. క్యాంపస్ తోటమాలి కొమురెల్లి, వారాసిగూడలో పేరున్న డప్పు కళాకారుడని ఎవరో చెప్పారు. కొమురెల్లి డప్పును మంట మీద కాగబెట్టుకుని వచ్చి షెడ్డు ముందు పావుగంట వాయించాడు. భార్య బుచ్చవ్వ పక్కనే అడుగు వేసింది. ఆమె అడుగు లేకపోతే తనకు దెబ్బ పడదన్నాడు.

"బాగుంది గానీ కాస్త వదులుగా ఉందయ్యా. బిగించు," అన్నారు సూర్యనారాయణ, టేపు విని ప్రభుదాసుతో.

ప్రభుదాసు టేపు తిప్పి తిప్పి విన్నాడు. వాయింపు ప్రతి చుట్టులోనూ చివరి దెబ్బ ఆలస్యంగా పడుతోంది. టేపు మీద కొలిస్తే అర అంగుళం. డప్పు అతని ఇంట్లోంచి తాతగారి బాప్తిస్మంతోనే వెళ్లిపోయింది. అతనికి తెలిసిన లయ, మిషన్ స్కూల్లో మాస్టారు రూళ్లకర్రతో బల్ల మీద కొట్టిన లెక్క. కొమురెల్లి ముసలి చెయ్యి అలిసిందనుకున్నాడు. మూడు రోజులు కూర్చుని అరవై రెండు చోట్ల అర అంగుళం చొప్పున కోశాడు. ముక్కలు చెత్తబుట్టలో పడ్డాయి. సూర్యనారాయణ విని, "గడియారంలా ఉందయ్యా," అని భుజం తట్టారు.

తన వాయింపు తాను వినాలని కొమురెల్లి, భార్యను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. సూర్యనారాయణ కూడా అక్కడే ఉన్నారు. టేపు మొదలవగానే బుచ్చవ్వ కొంగు దోపుకుని అడుగు వేసింది. రెండో చుట్టులో తూలింది. మూడో చుట్టులో ఆగిపోయింది.

"ఏందయ్యా, కాలు దింపనిస్తలేవు. నన్ను పడగొడ్తవా?"

కొమురెల్లి తన చేతులకేసి చూసుకున్నాడు. "చెయ్యి ఉరుకుతున్నది. నాకు తెల్వనే లేదు."

"నువ్వు గట్ల కొట్టలే. ఆ దినం నేను ఆడిన గదా."

"మిషన్ల పడ్డది అబద్ధమైతదా?" అని అతను సూర్యనారాయణ వైపు తిరిగి చేతులు జోడించాడు. "మాఫ్ చేయుండ్రి సార్. ముసలోన్నయిన. ఈసారి బోనాలకు మా అన్న కొడుకు మల్లన్న కొడ్తడు తియ్."

అప్పుడు ప్రభుదాసు చెప్పవలసింది ఒక్క వాక్యం. శాఖాధిపతి ఎదురుగా కూర్చున్నారు, కితాబు ఇంకా భుజం మీద వెచ్చగా ఉంది. అతను టేపు చక్రం విప్పి డబ్బాలో పెట్టి, "టీ తాగి వెళ్లు, కొమురెల్లీ," అన్నాడు.

పది రోజులు తోట వైపు పోలేదు. కొమురెల్లి గోరింట కంచె కత్తిరిస్తూ దూరాన కనబడితే చాలు, ఆర్ట్స్ కాలేజీ వెనకనుంచి చుట్టు తిరిగి వచ్చేవాడు. మాస్టారి రూళ్లకర్ర కంటే గట్టిగా కత్తెర చప్పుడు వినబడేది. ముసలాయన డప్పు మల్లన్నకు ఇచ్చేశాడని తోటపని వాళ్లెవరో అనుకుంటుంటే విని, పదకొండో రోజు మధ్యాహ్నం వారాసిగూడ వెళ్లాడు.

"కొమురెల్లి గారూ, మీతో ఒక మాట చెప్పాలి."

గడప మీద బియ్యం ఏరుతున్న బుచ్చవ్వ తలెత్తలేదు. "ఇన్నొద్దులు నువ్వన్న సారు ఇయ్యాల మీరంటున్నడు. ఏమో చేసే ఉంటడు."

చెప్పాడు. బ్లేడు, అర అంగుళం, అరవై రెండు చోట్లు, అన్నీ.

"గా దినం మా ఆయన తప్పు నాదంటుంటే నీ నోట్ల ఏమున్నది సార్, టేపా?" అంది బుచ్చవ్వ.

కొమురెల్లికి కోపం రాలేదు. వస్తే బాగుండును. "ఎందుకు కోసినవ్ సార్?"

"ఆలస్యమైందనుకున్నాను."

"ఆలస్యం కాదు. గాడ గీమె మడమ తిప్పుతది. మడమ ఆనినంక దెబ్బ." లేచి నిలబడ్డాడు. "మల్ల కొడ్త. మల్లన్న తాన డప్పు తెస్త. రేపొస్తా."

తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని ప్రసంగాల్లో చెబుతారు. నిజమే, తార్నాక చేరేదాకా తేలిగ్గానే ఉంది. మర్నాడు ప్రభుదాసు బ్లేడును సొరుగులో పడేసి కొత్త టేపు ఎక్కించాడు. అన్నట్టే కొమురెల్లి డప్పుతో, బుచ్చవ్వతో వచ్చి ఎత్తుకున్నాడు.

మొదటి చుట్టు చివరి దెబ్బ సరిగ్గా లెక్క మీద పడింది. రెండోదీ అంతే. బుచ్చవ్వ మడమ సగం తిరిగి గాలిలో ఉండిపోయింది. "ఆగయ్యా, ఆగు," అంది. కొమురెల్లి చూపు ఆమె కాలి మీద లేదు. తిరుగుతున్న చక్రం మీద ఉంది. చెమటలు కారుతున్నా చివరిదాకా వాయించి, ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వు జెప్పిన అర అంగుళం యాద్ వెట్టుకున్న సార్. యాడా వదల్లే. ఇగ నీకు కోసుడు పని లేదు."

"అది కాదండీ. చక్రం చూడకండి. ఆమె కాలు చూసి వాయించండి, ఎప్పటిలాగా."

కొమురెల్లి మళ్లీ ఎత్తుకున్నాడు. కాలు చూశాడు, చక్రం చూశాడు, మళ్లీ కాలు చూశాడు. కర్ర డప్పు మీదికి వచ్చి నిలబడిపోయింది.

"ఇప్పుడు ఆలస్యమైనట్టా, కానట్టా సార్?"

ప్రభుదాసు మిషన్ ఆపేశాడు. తాను ఏ జవాబు చెప్పినా ముసలాయన దాన్ని కూడా యాద్ పెట్టుకుంటాడు.