మామిడిపండు రంగు అని చెప్పింది నేనే

ఒక పెద్దాయన్ని దొంగ అనుకుని, ఆయనకి నమ్మకంగా అబద్ధం చెప్పి, మా తాతయ్య ఆఖరి చీర రంగు మార్చేశాను. ఇంత పనీ హాస్టల్ మంచం మీంచి కదలకుండా, ఒక్క బొటనవేలితో చేశాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు, నేను ఉన్న గదిలోనే.

మాది చల్లపల్లి దగ్గర ఊరు. తాతయ్య నేతపని చేసేవాడు. నాన్న మగ్గం జోలికి పోకుండా లెక్కల మాస్టారయ్యారు. నేను విజయవాడలో డిగ్రీ రెండో సంవత్సరం, ఉండేది గవర్నర్‌పేటలో ఒక హాస్టల్లో. తాతయ్య పోయేనాటికి మగ్గం మీద ఒక చీర సగంలో ఉంది. గడ్డి రంగు, వరికంకుల అంచు. నాయనమ్మ కోసం నేస్తున్నాడు.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పోయిన మనిషి సగంలో వదిలేసిన చీరని సంవత్సరీకం లోపల పూర్తిచేసి మగ్గం మీంచి దింపాలి. దింపేవాడు ఇంటివాడు కాకూడదు. అతన్ని మేం పిలవకూడదు. విషయం తెలిసి తనంతట తనే రావాలి, నూలు తనే తెచ్చుకోవాలి, వస్తున్నానని ముందు చెప్పకూడదు. పెళ్ళికి పిలవాలి గానీ చావుకి తెలిస్తే చాలంటారు కదా, ఇదీ అలాంటిదే. ఎవరూ రాకపోతే సగం చీరనే కోసేయాలి. నాయనమ్మ ఈ సంగతి ఎత్తేది కాదు. రోజూ పొద్దున్నే మగ్గం మీద దుమ్ము మాత్రం తుడిచేది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఎవరూ రాలేదు. తాతయ్యతో నేసినవాళ్ళలో కొందరు పోయారు, మిగిలినవాళ్ళకి కబురు తెలియలేదు.

అప్పుడు నేను ఆ మగ్గాన్ని ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. 'మా తాతయ్య ఆఖరి చీర' అని రాశాను. నేతవాళ్ళకి తెలియాలని పెట్టానని ఇప్పుడు చెప్పుకుంటే బాగానే ఉంటుంది. లైకుల కోసం పెట్టాను. దుఃఖానికి అంత గిరాకీ ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. క్లాసులో, సిటీ బస్సులో, అన్నం పళ్ళెం ముందు ఫోన్ తెరిచి ఎవరు చూశారో చూసేదాన్ని. ఎవరు చూసి కూడా ఊరుకున్నారో ఇంకా శ్రద్ధగా చూసేదాన్ని. మా పిన్ని లైకు కొట్టలేదని నెల రోజులు ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను. ఆవిడకి లైకు కొట్టడం రాదని తర్వాత తెలిసింది.

అలాంటి రోజుల్లో ఒక మెసేజ్ వచ్చింది. మనిషి ఫొటో ఉండాల్సినచోట మబ్బులు, పేరు ఉండాల్సినచోట అంకెలు.

"అమ్మా, అంచు వెనకవైపు ఎలా ఉందో ఫొటో తీసి పెట్టు. నూలు రంగు ఏమిటి? ఫోన్‌లో సరిగ్గా తెలియట్లేదు."

నమస్కారం లేదు. నివాళి లేదు. చేతులు జోడించిన బొమ్మయినా లేదు. నా పక్క మంచం శిరీషకి చూపించాను. శిరీషది ఇబ్రహీంపట్నం. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూస్తూ పెరిగింది కాబట్టి ఎక్కడ పొగ కనిపించినా దాని కింద నిప్పు తనే వెతికిపెట్టాలని నమ్మకం.

"డిజైన్ దొంగ," అంది.

"అమ్మా అంటున్నాడే."

"దొంగలే అంటారు. నువ్వు పిలిచావా?"

"లేదు."

"పేరు చెప్పాడా?"

"లేదు."

"పిలవకుండా వచ్చి, పేరు చెప్పకుండా, నూలు రంగు అడిగేవాణ్ణి ఏమంటారే?"

ఏమంటారో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు తెలియలేదు. నేను పుస్తకాలు బాగా చదువుతానని ఊళ్ళో పేరు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు గానీ, నాది చదివినందుకు పోలేదు, స్క్రోల్ చేసినందుకు పోయింది.

ఇంతలో ఇంకో మెసేజ్. "మీ నాయనమ్మ బాగుందా?"

ఫోన్ మళ్ళీ శిరీష ముందు పెట్టాను. "నాకు నాయనమ్మ ఉందని వీడికెలా తెలుసు?"

"నీ పేజీ అంతా తవ్వి ఉంటాడు," అంది శిరీష.

"బ్లాక్ చేసేయనా?"

"ఇంకో పేరుతో వస్తాడు. రంగు తప్పు చెప్పు. అదే నేసుకుని పోతాడు."

ఆ సలహా అప్పుడు నాకు చాణక్యుడి మాటలా వినిపించింది. టైప్ చేశాను.

"వెనకవైపు ఫొటో లేదండీ. రంగు మామిడిపండు రంగు. ఫిల్టర్ వల్ల అలా కనిపిస్తోంది."

చాలాసేపటికి జవాబు వచ్చింది. "గడ్డి రంగు కాదూ?"

"కాదండీ."

"నిజమేనా అమ్మా?"

"మీకు అబద్ధం చెబితే నాకేం వస్తుందండీ?"

"సరే. మామిడిపండే."

శిరీషా నేనూ ఆ సాయంత్రం బీసెంట్ రోడ్డుకి వెళ్ళి పునుగులు తిన్నాం. గెలిచినవాళ్ళం కదా.

సంవత్సరీకం నాలుగు రోజులుందనగా ఇంటికి వెళ్ళాను. వాన ముసురు పట్టి ఉంది. మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. సంచీ గుండెకి హత్తుకుని ఒక ముసలాయన దిగాడు. ఎవరూ రమ్మనలేదు, ఆయనా ఎందుకొచ్చాడో చెప్పలేదు. నాయనమ్మ ఆయన్ని చూసి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

"రామకోటయ్యా, చిక్కిపోయావు," అంది.

"నువ్వూ అంతే వదినా."

వయసులో ఉన్నప్పుడు చేనేత సొసైటీ షెడ్డులో తాతయ్యదీ ఆయనదీ పక్కపక్క మగ్గాలు. తర్వాత ఆయన కూతురి దగ్గరికి చీరాల వెళ్ళిపోయాడు. ఆ కూతురి ఫోన్‌లో మా మగ్గాన్ని చూశాడు. నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని వదలడంలేదు. నేను కూడా సంతోషించాను, ఆయన సంచీ విప్పేదాకా.

లోపల నూలు ఉంది. పండిన మామిడిపండు రంగు. గది వెలిగిపోయింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నూలుని చీర పక్కన పట్టుకుని చాలాసేపు చూశాడు.

"వదినా, ఇది గడ్డి రంగు కదూ?"

"గడ్డి రంగే. నాకదే ఇష్టమని మొదలుపెట్టాడు."

"మరి ఫోన్‌లో అమ్మాయి మామిడిపండు అందే. రెండుసార్లు అడిగాను."

"ఏ అమ్మాయి?" అన్నారు నాన్న, లెక్క తప్పు చేసినవాణ్ణి వెతికే గొంతుతో. ఆ గదిలో అమ్మాయిని నేనొక్కదాన్నే.

"దొంగ అనుకున్నాను నాన్నా."

"ఎవర్నే?"

నేను గడ్డంతో చూపించాను.

రామకోటయ్య గారు కళ్ళజోడు తీసేశారు. "నన్నా? ఏం ఎత్తుకుపోతానని?"

"అంచు డిజైనండీ."

"ఆ అంచు మీ తాతా నేనూ కలిసి తయారుచేసిందే తల్లీ. నాది నేనే దొంగిలించుకోవాలా?"

"మరి వెనకవైపు ఎందుకు అడిగారండీ?"

"మీ తాత ముడులు కత్తిరించకుండా వెనక్కి వదిలేసేవాడు. బద్ధకం. ఆఖరిదాకా అలాగే ఉన్నాడేమో చూద్దామని."

చీర తిప్పి చూశారు. ముడులన్నీ అలాగే ఉన్నాయి. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తాతయ్య పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

కానీ నూలు నూలే. ముసురులో మళ్ళీ రంగు వేసి ఆరబెట్టి నేసేంత వ్యవధి లేదు. వచ్చినవాడు తెచ్చిన నూలు కాదని కొట్లో ఇంకోటి కొనకూడదు. ఆయన నాయనమ్మ వైపు చూశారు.

"ఏం చేద్దాం వదినా? కోసేద్దామా?"

నాయనమ్మ ఆ నూలు చేతిలోకి తీసుకుని చూసింది.

"కూర్చో. నేసెయ్," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నూలు కండెలు చుట్టు."

మూడు రోజులు ఆయన నేశారు, నేను పక్కన కూర్చుని నూలు చుట్టాను. ఫోన్ ఎక్కడుందో కూడా గుర్తులేదు. నా అబద్ధం మూరమూరా పెరుగుతూ కళ్ళముందు కనిపిస్తుంటే చూడ్డానికి ఇంకేం కావాలి? నిలువునా ఉన్న గడ్డి రంగు పడుగులో మామిడి రంగు పేక అడ్డంగా పడితే ఎండుగడ్డి రంగు వస్తుందని కూడా అప్పుడే తెలిసింది.

సంవత్సరీకం నాడు నాయనమ్మ ఆ చీరే కట్టుకుంది. బంధువులు ఒకరి వెనక ఒకరు దగ్గరికొచ్చి పరీక్షగా చూశారు. మా పిన్ని ఉండబట్టలేక అడిగేసింది.

"ఇదేంటత్తయ్యా, సగంలో రంగు మారిపోయింది?"

"కుచ్చిళ్ళదాకా మీ మావయ్య నేశాడు," అంది నాయనమ్మ. "అక్కణ్ణించి మన హేమ అబద్ధం నేసింది. దాని సగమే కాస్త మెరుస్తోంది, చూడు."

ఆ చీర కొంగు పట్టుకుని అక్కడే ఒట్టు వేశాను. పిలవకుండా వచ్చినవాళ్ళని అనుమానించే ముందు మంచినీళ్ళిస్తాను. రంగు అడిగితే ఉన్న రంగే చెబుతాను. పొగ కనిపిస్తే నిప్పు నేనే వెళ్ళి చూసుకుంటాను, శిరీషని మాత్రం అడగను.