సాయంత్రం విచ్చిన కొండపువ్వు

మా బోటనీ టీచరమ్మగారు పోయారని మొన్న ఆవిడ తమ్ముడుగారు వచ్చి చెప్పారు. కొల్లేటి ఒడ్డున ఆయనింట్లోనే పోయారట. తాడేపల్లిగూడెంలో మా అరుగు మీద కూర్చుని, "బాధేమీ పడలేదండీ. పొద్దున్నే కాఫీ తాగి, కిటికీలోంచి తామరాకులు చూస్తూ వెళ్లిపోయింది అక్క" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి గానీ, ఆవిడ తలపుకు రాగానే ముందు నవ్వే వచ్చింది.

ఏలూరులో ఆవిడ ఇల్లు చూసినవాళ్లకు ఆ నవ్వెందుకో తెలుస్తుంది. పరుపు కింద, బైబిలు కింద, చివరికి ఆవకాయ జాడీల కింద కూడా పాత పేపర్ల మధ్య మొక్కలు ఎండుతుండేవి. తోటకూరలో కలుపుమొక్క వస్తే కూర సంగతి మరిచిపోయేవారు. "తినేదానికంటే పారేసేది చూడండర్రా, ఎంత ముచ్చటగా ఉందో!" అనేవారు.

ఆవిడకు ఒక్కటే పట్టుదల. ఎండిన మొక్కలను అట్టలకు కుట్టి భద్రపరిచే మద్రాసు హెర్బేరియంలో ఒక పువ్వు ఉంది. పెదవేగి అవతలి రాళ్లకొండ మీద దొరికిందని వెనకటి దొర ఎవరో దాని కింద రాశాడు. ఆ తరవాత అది ఎవరి కంటా పడలేదు. ఆ ఎడారిలాంటి కొండమీద అలాంటిది పూయదనీ, దొర పొరబడ్డాడనీ, హెర్బేరియం ఆఫీసరుగారు అట్ట మీద ఆ చోటు పేరు కొట్టేయబోయారు. "ఈ వానాకాలం అయ్యేదాకా ఆగండి" అని అడిగి వచ్చారు టీచరమ్మగారు.

తొలకరి పడింది మొదలు శనివారాలు మా క్లాసు ఆడపిల్లలందరినీ బండెక్కించేవారు. తెల్లవారుజామున చల్లవేళ బయల్దేరడం, ఎండ ముదరకముందే తిరిగి రావడం. రాళ్లూ ముళ్లకంపలూ తప్ప ఏమీ దొరికేది కాదు. వానాకాలం వెళ్లిపోవస్తోందనగా ఒకరోజు కొండ కింద బండి కూలబడింది.

"ఇరుసు విరిగిందండీ అమ్మగారూ. వడ్రంగి వచ్చేసరికి పొద్దుగూకిపోద్దండి" అన్నాడు బండివాడు.

"మరీ మంచిది, కూర్చుందాం" అని ఆవిడ పులిహోర పొట్లాలు విప్పారు.

ఎండ చల్లబడ్డాక నా కాలి దగ్గర ఏదో తెల్లగా కదిలినట్టయింది. పొద్దున్న ఎండుపుల్లలనుకున్నవాటి కొసలు విచ్చుకుంటున్నాయి.

"టీచరమ్మగారండీ! ఇటు రండి, ఇటు రండి!"

ఆవిడ వచ్చేలోగా రాళ్ల సందులన్నీ తెల్లబడ్డాయి. నలగకుండా చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పువ్వుల మధ్యకు నడిచారు. నవ్వీ నవ్వీ కూలబడ్డారు. "ఇన్నాళ్లూ ఇవి నిద్రపోయే వేళకొచ్చి తలుపు కొట్టామర్రా!"

రెండే మొక్కలు తీశారు. చెక్కల మధ్య అదమడానికి బరువేమీ లేక, ఏలూరు దాకా వాటి మీద తానే కూర్చున్నారు.

మద్రాసుకు నన్నూ రైల్లో తీసుకెళ్లారు. ఆఫీసరుగారు మా అట్టను దొర అట్ట పక్కన పెట్టి చాలాసేపు చూసి, "చోటు పేరు ఉంటుందండీ. నేనుండగా ఎవరూ కొట్టేయరు" అన్నారు. టీచరమ్మగారు ఆయన మాట విన్నారో లేదో! పాత అట్ట మీదికి వంగి, టీరంగు తిరిగిన ఆ ఎండుపువ్వుతో మెల్లగా అంటున్నారు:

"మీ వాళ్లంతా కులాసాగా ఉన్నారమ్మా."